రిహార్సల్లో దొరికిన ఇరుగుపొరుగు

(ఒక సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. వినిపించనివాళ్లకి ఈ మాట కూడా వినిపించదనుకోండి, అయినా అడగడం అలవాటైపోయింది. (నవ్వులు)

మొదటే ఒక సంగతి ఒప్పుకుంటాను. ఇరుగుపొరుగు ఎలా దగ్గరవుతారో చెప్పమని నన్ను పిలిచారు. ఇప్పుడున్న ఫ్లాట్‌లో చేరిన మొదటి నాలుగేళ్లలో నాకు బాగా పరిచయమైన పొరుగు ఒక కర్ర. మా కింది ఫ్లాట్ ఆయన చేతికర్ర. నేను కుర్చీ జరిపితే చాలు, కింద నుంచి సీలింగ్ మీద ఠక్, ఠక్, ఠక్ అని మూడు దెబ్బలు పడేవి. ఆయన ముఖం ఎలా ఉంటుందో తెలీదు గానీ ఆ మూడు దెబ్బల మధ్య ఎంత వ్యవధి ఉంటుందో మాత్రం బాగా తెలుసు. ఎప్పుడూ తేడా రాదు. ఎంత లెక్కగల మనిషో అనుకునేదాన్ని. ఆయన సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

మన భాషలో 'కలపడం' అనే మాట ఎన్నిచోట్ల వాడతామో చూడండి. మాట కలుపుతాం, చెయ్యి కలుపుతాం, గొంతు కలుపుతాం, అడుగు కలుపుతాం. కొత్త పొరుగు కనిపించగానే మనం చెయ్యబోయేది మాట కలపడం. అన్నిటికంటే కష్టం కూడా అదే. లిఫ్ట్‌లో ఇద్దరు ఎక్కుతారు. "బాగున్నారా?" "ఆఁ, బాగున్నాం." అయిపోయింది. ఇంకా ఐదు అంతస్తులు ఉన్నాయి! (నవ్వులు) ఇక ఇద్దరూ తలెత్తి లిఫ్ట్‌లో అంకెలు మారడం చూస్తూ నిలబడతారు, అంత వింత ఎప్పుడూ చూడనట్టు. ఇవాళ నేను చెప్పబోయేది ఇంతే: ముందు మాటే కలవాలని లేదు. గొంతో, అడుగో, చెయ్యో ముందు కలిస్తే మాట తర్వాత దానంతటదే వస్తుంది. పాటా నాటకమూ బొమ్మలెయ్యడమూ పొరుగువాళ్ల మధ్య చేసే పని అదేనని నా నమ్మకం.

బ్రిటన్‌లో ల్యూక్ జెరామ్ అని ఒక కళాకారుడు ఉన్నాడు. తన పేటలో మెషిన్లు పెట్టిన లాండ్రీకి బట్టలు ఉతుక్కోవడానికి వెళ్తుండేవాడు. ప్రతి వారాంతం అవే ముఖాలు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. బట్టలు గిర్రున తిరుగుతుంటే చూస్తూ కూర్చుంటారు. ఇలా మనుషులు పక్కపక్కనే కూర్చుని మౌనంగా ఉండే చోట్లు ఊళ్లో ఇంకెన్ని ఉంటాయో అనిపించింది ఆయనకి. అక్కడొక పియానో పెడితే? 2008లో బర్మింగ్‌హామ్ నగరంలో బయటి స్థలాల్లో 15 పియానోలు పెట్టించాడు. వాటి మీద 'నన్ను వాయించండి, నేను మీదాన్ని' అని రాసి ఉంటుంది. తర్వాత అలాంటి పియానోలు ప్రపంచంలో అరవైకి పైగా నగరాల్లో వెలిశాయి.

ఈ కథలో నాకు ఆసక్తి వాయించేవాళ్ల మీద కాదు, పక్కన నిలబడేవాళ్ల మీద. ఒకరు తప్పులతడకగా ఏదో వాయిస్తుంటారు. దారినపోయే ఇద్దరు ఆగుతారు. ఒకరు "చిన్నప్పుడు నేనూ నేర్చుకున్నానండీ, మధ్యలో మానేశాను" అంటారు. రెండోవాళ్లు "మా అమ్మాయి కూడా అంతే" అంటారు. చూశారా, మాట కలిసిపోయింది! లిఫ్ట్‌లో వాళ్లకి లేనిది, వీళ్లకి ఉన్నది ఏమిటి? ఒక వంక. ఎదుటి మనిషి ముఖంలోకి సూటిగా చూడక్కర్లేకుండా, ఇద్దరూ కలిసి మూడో వస్తువు వైపు చూసే వీలు. మనుషులకి మాట్లాడటం చేతకాక కాదండీ, వంక దొరక్క.

పొరుగువాళ్లతో పరిచయం లేకపోతే ఏం కొంప మునిగింది అని మీలో ఎవరైనా అడగొచ్చు. ఒక్కోసారి నిజంగానే మునుగుతుంది. 1995 జులైలో అమెరికాలోని షికాగోని వడగాడ్పు పట్టుకుంది. మామూలుగా ఆ రోజుల్లో పోయేవాళ్లకంటే అదనంగా 739 మంది పోయారని లెక్క తేలింది. చాలామంది ఒంటరిగా ఉండే ముసలివాళ్లు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజికశాస్త్రవేత్త ఆనుకుని ఉన్న రెండు పేటల్ని పోల్చి చూశాడు. నార్త్ లాండేల్, సౌత్ లాండేల్. రెండిట్లోనూ పేదరికం ఉంది, ఒంటరి వృద్ధులు ఉన్నారు, ఎండ ఎలాగూ ఒకటే. కానీ నార్త్ లాండేల్‌లో చావుల రేటు రెండోదానికంటే దాదాపు పది రెట్లు. సౌత్ లాండేల్‌లో వీధులు సందడిగా ఉండేవి, దుకాణాలు నడిచేవి, ముసలివాళ్లు గడప దాటి బయటికొచ్చేవాళ్లు. నార్త్ లాండేల్‌లోనేమో ఖాళీ స్థలాలు, మూసేసిన దుకాణాలు, బయటికి రావాలంటే భయం. ఇందులో కళ ప్రసక్తి లేదు, నేను కావాలని అతికించను. ఒక పెద్దావిడ రెండ్రోజులుగా కనిపించలేదని ఎవరైనా గమనిస్తారా లేదా అన్నదే అక్కడ ప్రాణాల మీదికి వచ్చింది. గమనించాలంటే ముందు ఆవిడ ముఖం తెలియాలి కదా. ముఖాలు ఎక్కడ తెలుస్తాయి అన్నది నా ప్రశ్న.

ఇప్పుడు కాస్త ఒళ్లు కదిలిద్దాం. ఈ ఎడమ వైపు వాళ్లు రెండు చప్పట్లు, కుడి వైపు వాళ్లు మూడు. ఆగకుండా, ఒకరి తర్వాత ఒకరు. మొదలు... (చప్పట్లు) ఘోరంగా ఉంది. (నవ్వులు) మళ్లీ. ఈసారి నన్ను చూడకండి, మీ పక్కవాళ్ల చేతులు చూడండి. (చప్పట్లు) ఆఁ, అదీ! చాలు, చాలు. ఇప్పుడు ఎంతమంది పక్కవాళ్లని చూసి నవ్వారో గమనించారా? ఇంతవరకూ మీలో చాలామందికి పక్కన కూర్చున్నది ఎవరో తెలీదు. ఇప్పుడూ తెలీదు. కానీ ఆయన చప్పట్లు ఎక్కడ తప్పుతాయో తెలుసు. (నవ్వులు)

విలియం మెక్‌నీల్ అని ఒక చరిత్రకారుడు ఉండేవాడు. 1941లో ఆయన్ని అమెరికా సైన్యంలోకి తీసుకుని టెక్సాస్‌లో శిక్షణకి పంపారు. విమానాల్ని కూల్చే ఫిరంగుల దళం అది. తమాషా ఏమిటంటే మొత్తం బెటాలియన్‌కి ఉన్నది ఒకే ఒక్క ఫిరంగి, అదీ పనిచెయ్యదు. చేయించడానికి వేరే పని లేక అధికారులు గంటల తరబడి కవాతు చేయించారు. అర్థంపర్థం లేని పని అని మెక్‌నీల్‌కి తెలుసు. తెలిసినా, అందరితో కలిసి అడుగు వేస్తుంటే ఒంట్లో ఏదో హాయి, తను తనకంటే పెద్దవాడైపోతున్నట్టు ఒక భావన. అది ఆయన్ని వదల్లేదు. యాభై ఏళ్ల తర్వాత, 1995లో, కవాతూ నాట్యమూ మనుషుల్ని చరిత్రలో ఎలా కలిపి ఉంచాయో చెబుతూ ఒక పుస్తకమే రాశాడు. ఒళ్లు ఒళ్లుతో కలిసి కదలడం వల్ల పుట్టే ఆ బంధానికి 'కండరాల బంధం' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. అన్నట్టు ఆయన జీవితమంతా పాఠాలు చెప్పింది కూడా ఆ షికాగోలోనే.

ఇది ఒక పెద్దమనిషి జ్ఞాపకమే కదా అంటారేమో. బ్రొన్విన్ టార్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు బ్రెజిల్‌లో 264 మంది హైస్కూలు పిల్లలతో దీన్ని పరీక్షించారు. 2015లో ఫలితాలు అచ్చయ్యాయి. కొందరిని ఒకే అడుగులు ఒకేసారి వెయ్యమన్నారు, కొందరిని ఎవరి అడుగులు వాళ్లని వెయ్యమన్నారు. ముందూ తర్వాతా బీపీ చూసే పట్టీ చేతికి చుట్టి, గాలి కొడుతూ, నొప్పి ఎక్కడ మొదలైందో చెప్పమన్నారు. కలిసి అడుగేసినవాళ్లు ఎక్కువ నొక్కుడు తట్టుకున్నారు, తోటివాళ్లు దగ్గరివాళ్లుగా అనిపించారని కూడా చెప్పారు. పాపం ఆ పిల్లలు! స్నేహం కొలవడానికి బీపీ పట్టీ వాడొచ్చని నేనైతే కలలో కూడా అనుకోలేదు.

పాట గురించి ఇంకా ముచ్చటైన పరిశోధన ఒకటుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రాబిన్ డన్బార్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు చేసింది, అదీ 2015లోనే వచ్చింది. పెద్దవాళ్ల కోసం నడిచే సాయంత్రం తరగతుల్ని ఏడు నెలలపాటు గమనించారు. కొన్ని పాట తరగతులు, కొన్ని చేతిపనుల తరగతులు, కొన్ని కథలూ కవితలూ రాయడం నేర్పేవి. పాట పాడేవాళ్లు మొదటి నెలలోనే ఒకరికొకరు దగ్గరైపోయారు. మిగతావాళ్లు మెల్లగా. కానీ ఏడు నెలలు తిరిగేసరికి? అందరూ సమానం. కుట్టుపని చేసినవాళ్లూ, కథ రాసినవాళ్లూ కూడా అంతే దగ్గరయ్యారు.

ఈ పరిశోధన గురించి చెప్పేవాళ్లు మొదటి సగమే చెప్తారు, పాట గొప్పది అని. నాకు రెండో సగం ఇష్టం. గొంతు బాగాలేనివాళ్లు దిగులు పడక్కర్లేదు. పాట త్వరగా కలుపుతుంది, అంతే. కాస్త ఓపిక ఉంటే కుట్టుపనైనా కలుపుతుంది. చేతులకి పని ఉన్నప్పుడు నోటికి బెరుకు ఉండదు. నలుగురు కూర్చుని ఏదైనా కుడుతున్నారనుకోండి, మధ్యలో ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకపోయినా ఇబ్బందిగా అనిపించదు. అదే లిఫ్ట్‌లో? (నవ్వులు)

సరే, అసలు విషయానికొస్తాను. కర్ర ఆయన దగ్గరికి.

మా బిల్డింగ్‌లో ఒకసారి నాటకం వేద్దామన్నారు. ఎవరికీ రాదు. నేను కాలేజీలో రెండుసార్లు స్టేజి ఎక్కాను కాబట్టి నన్ను డైరెక్టర్‌ని చేశారు. గుడ్డికంటే మెల్ల మేలని. ఆరు వారాలు రిహార్సల్. టెర్రస్ మీద, వానొస్తే మెట్ల మీద. నాటకంలో ఒక చోట బయటనుంచి తలుపు కొట్టే చప్పుడు రావాలి. కథంతా ఆ చప్పుడు మీదే తిరుగుతుంది. సరిగ్గా మూడు దెబ్బలు, సరిగ్గా ఆ సమయానికి. ఇద్దరు పిల్లలకి అప్పజెప్పాం. ఒకడు ముందే కొడతాడు, ఇంకోడు నవ్వాపుకోలేక కొట్టడమే మర్చిపోతాడు. అప్పుడు నాకు తట్టింది, ఈ పని ఈ బిల్డింగ్‌లో ఒక్కరే చెయ్యగలరు. (నవ్వులు, చప్పట్లు)

వెళ్లి తలుపు తట్టాను. తీశారు. నాలుగేళ్లలో మొదటిసారి ఆ ముఖం చూడటం. కుర్చీల గురించి క్షమాపణ చెప్పడానికొచ్చానని అనుకున్నట్టున్నారు. "మీరు మా నాటకంలో తలుపు కొడతారా?" అన్నాను. ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగారు కదా, "కర్రతోనా, చేత్తోనా?" అని! (నవ్వులు) వచ్చారు. ఆరు వారాల్లో ఒక్క రిహార్సల్ తప్పలేదు. మూడు దెబ్బల పాత్రకి స్క్రిప్ట్ మొత్తం కంఠతా పట్టారు. మాకు ప్రాంప్టింగ్ కూడా ఆయనే చెప్పేవారు. పక్క బ్లాకులో ఒకావిడ మేకప్ వేస్తానని వచ్చి, మేకప్ అక్కర్లేదని తెలిశాక కూడా రోజూ వచ్చి కూర్చునేవారు. డైలాగులు మరిచిపోయే కుర్రాడికీ, వాడితో అంతవరకూ పార్కింగ్ దగ్గర గొడవపడే మనిషికీ ఒకే సీన్ పడింది. తప్పదు కాబట్టి ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ప్రాక్టీస్ చేశారు.

నాటకం రోజు ఏమైందో చెప్పనా? రెండో సీన్‌లో మైకు పోయింది. హీరో గొంతు మొదటి వరస దాటలేదు. ఒకావిడ మూడో సీన్ డైలాగు రెండో సీన్‌లో చెప్పేసింది, దాంతో చచ్చిపోవాల్సిన మనిషి పది నిమిషాలు ముందే చచ్చిపోయాడు. (నవ్వులు) ముందు వరసలో కూర్చున్న పిల్లలు, ఆరు వారాలు మెట్ల మీద విని విని అంతా నోటికొచ్చేసింది వాళ్లకి, వాళ్లే గట్టిగా డైలాగులు అందించారు. నాటకంగా చూస్తే అది పరమ చెత్త. అతిశయోక్తి లేదు, నేనే డైరెక్టర్‌ని. కానీ ఆ ఆరు వారాల్లో జరగాల్సింది జరిగిపోయింది. ప్రదర్శన దానికి చివర పెట్టిన గడువు మాత్రమే. గడువు లేకపోతే రిహార్సల్‌కి ఎవరూ రారు కాబట్టి ప్రదర్శన కావాలి.

అందుకే డబ్బులు పోగేసి బయటినుంచి పెద్ద ట్రూపుని పిలిపించి, లైట్లు పెట్టి, ముఖ్య అతిథికి శాలువా కప్పే కార్యక్రమాల మీద నాకు అంత నమ్మకం లేదు. తప్పని కాదు. బాగుంటాయి, చూస్తాం, చప్పట్లు కొడతాం. కానీ వరసగా కుర్చీల్లో అందరం ఒకే వైపు తిరిగి కూర్చుంటే ఎవరికి ఎవరు కనిపిస్తారు? ముందువాళ్ల వీపు కనిపిస్తుంది. ఇవాళ ఈ సభ కూడా అలాగే పెట్టారు, చూడండి! (నవ్వులు)

రిహార్సల్ అంటే ఎక్కడిదాకా వెళ్లొచ్చో చెప్పే ఊరు ఒకటుంది. జర్మనీలో బవేరియా కొండల్లో ఓబరామర్‌గావ్. 1633లో అక్కడ ప్లేగు వచ్చింది. ఈ గండం గడిస్తే ఏసుక్రీస్తు చివరి రోజుల కథని నాటకంగా వేస్తూ ఉంటామని ఊరివాళ్లు మొక్కుకున్నారు. 1634లో మొదలుపెట్టారు. పదేళ్లకోసారి వేస్తున్నారు, మధ్యలో ఒకటి రెండు అంతరాయాలు తప్ప ఇప్పటికీ ఆగలేదు. మహమ్మారి పోవాలని మొదలుపెట్టిన నాటకం 2020లో మరో మహమ్మారి వల్ల వాయిదాపడి 2022లో జరిగింది, అదో విచిత్రం. ఊరి జనాభా ఐదు వేల పైచిలుకు. నాటకంలో పాలుపంచుకునేవాళ్లు దాదాపు రెండు వేల మంది. ఏడాది ముందునుంచే మగవాళ్లు జుట్టూ గడ్డాలూ పెంచడం మొదలుపెడతారు. బ్యాంకులో పనిచేసే ఆయనకీ, బండ్లు బాగుచేసే ఆయనకీ ఒకే రకం గడ్డం. వీధిలో ఎదురైతే ఏం మాట్లాడాలి అనే సమస్యే ఉండదు వాళ్లకి.

అయితే ఆ ఊరి కథకి ఇంకో ముఖం ఉంది. అదీ చెప్పకపోతే నేను కళకి ప్రచారం చేసినట్టవుతుంది. ఆ నాటకంలో నటించాలంటే ఆ ఊళ్లో పుట్టి ఉండాలి, లేదా 20 ఏళ్లు అక్కడ కాపురం ఉండాలి. నిన్నగాక మొన్న వచ్చిన పొరుగు బయటే. పెళ్లయిన ఆడవాళ్లకీ, 35 దాటినవాళ్లకీ చాలాకాలం ప్రవేశం లేదు. కొందరు ఆడవాళ్లు కోర్టుకెక్కి 1990లో ఆ అడ్డు తీయించారు. ఆ నాటకం యూదుల్ని చూపించిన తీరు మీద కూడా దశాబ్దాలపాటు విమర్శలు వచ్చాయి. తర్వాతి తరం దర్శకులు స్క్రిప్టుని బాగా మార్చారు. వేరే మతాలవాళ్లకి కూడా తలుపులు తెరిచారు. 2022లో ముఖ్య పాత్రల్లో ఒకటి ముస్లిం యువకుడు వేశాడు.

అంటే, కలిసి పాడటం 'మేము' అనే భావాన్ని పుట్టిస్తుంది. 'మేము' పుట్టగానే బయట ఎవరో 'వాళ్లు' మిగిలిపోతారు. మెక్‌నీల్ చెప్పిన కండరాల బంధం నాట్యంలోనే కాదు, సైన్యాల్లోనూ ఉందని ఆయనే రాశాడు. అందుకని మీ బృందంలో ఎంత బాగా పాడుతున్నారని కాదు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు అని చూసుకోవాలి. రిహార్సల్ పెట్టిన వేళకి డ్యూటీలో ఉండేవాళ్లు ఎవరు? మెట్లెక్కలేక పైకి రానివాళ్లు ఎవరు? ఆ పాట భాష రానివాళ్లు? మా నాటకంలో కూడా, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది, వాచ్‌మన్‌ని కుర్చీలు సర్దమన్నాం గానీ వేషం వేస్తావా అని ఒక్కరం అడగలేదు. అతనికి నాటకం మొత్తం వచ్చు. ఆరు వారాలు విన్నాడు కదా.

ఇలా బయట మిగిలిపోయేవాళ్లని లోపలికి తేవడానికి పనిలోనే ఉపాయం కనిపెట్టినవాళ్లు ఉన్నారు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం. 1984లో గోడల మీద పిచ్చిరాతలు ఆపడానికి నగరపాలన ఒక కార్యక్రమం పెట్టింది. అందులో పనిచెయ్యడానికి జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణిని తీసుకున్నారు. ఆమె ఆ రాతలు రాసే కుర్రాళ్ల చేతికే కుంచెలిచ్చి గోడల మీద పెద్ద బొమ్మలు వేయించింది. ఇప్పటిదాకా నాలుగు వేలకి పైగా బొమ్మలు వేశారు. నాకు బాగా నచ్చింది బొమ్మల సంఖ్య కాదు, వాళ్ల పద్ధతి. మూడంతస్తుల గోడ మీద బొమ్మ వెయ్యాలంటే పరంజా ఎక్కాలి. అది అందరివల్లా కాదు. వీళ్లేం చేశారంటే, పారాచూట్ గుడ్డలాంటి పల్చటి గుడ్డ తీసుకుని, బొమ్మని ముక్కలుగా విడగొట్టి, ఎక్కడ ఏ రంగు వెయ్యాలో నంబర్లు రాసి ఇచ్చేవాళ్లు. బళ్లో పిల్లలు ఒక ముక్క, వృద్ధాశ్రమంలో పెద్దలు ఒక ముక్క, జైల్లో ఖైదీలు ఒక ముక్క. చివరికి అన్నీ తెచ్చి గోడకి అతికిస్తారు. మంచం దిగలేని ముసలాయన కూడా నాలుగో నంబరు నీలం రంగు వెయ్యగలడు. రేపు మనవడికి వేలు పెట్టి చూపించగలడు, అదిగో ఆ ఆకాశం ముక్క నాది అని.

గ్రేటర్‌ఫర్డ్ అనే జైలు ఖైదీలతోనూ, నేరాలకి గురైన కుటుంబాలవాళ్లతోనూ కలిపి వాళ్లు ఒకసారి పనిచేశారు. గాయం మానడం గురించి బొమ్మ వెయ్యాలి. శిక్ష అంటే ఏమిటి, పశ్చాత్తాపం అంటే ఏమిటి, రెండు పక్షాలకీ పొసగలేదు. చివరికి రెండు గోడలు వచ్చాయి. ఒకదాని మీద ఖైదీల ప్రయాణం, ఇంకోదాని మీద బాధితుల ప్రయాణం. ఇది నాకు ఓటమిలా కనిపించదు. ఒకే బొమ్మలో అందరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నవ్వుతున్నట్టు వేసి ఉంటే, అది అబద్ధం అయ్యేది.

గొడవ అంటే గుర్తొచ్చింది. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ ఒక సంగతి చెప్పేవాడు. 1973లో పెరూలో పనిచేస్తున్నప్పటిది. ఒకావిడ భర్త కొన్ని కాగితాలు తెచ్చి, ఇవి ఇంటి పత్రాలు, జాగ్రత్తగా దాచమన్నాడు. ఆవిడకి చదువు రాదు. అనుమానం వచ్చి పక్కింటావిడతో చదివిస్తే, అవి వేరే ఆడమనిషి అతనికి రాసిన ప్రేమలేఖలు! చూశారా, ఇక్కడా పొరుగే. (నవ్వులు) దీన్ని నాటకం చేసి, భర్త ఇంటికొచ్చే చోట ఆపి, ఇప్పుడు ఈమె ఏం చెయ్యాలో చెప్పండని ప్రేక్షకుల్ని అడిగారు. చెప్పింది చెప్పినట్టు నటులు చేసి చూపిస్తారు. ఒక భారీ మనిషి లేచి, "అతనికి విషయం బాగా స్పష్టంగా చెప్పాలి, తర్వాత క్షమించాలి" అంది. నటి చెప్పింది. "అలా కాదు, స్పష్టంగా." మళ్లీ చెప్పింది. "స్పష్టంగా అంటున్నాను కదా!" విసిగిపోయి బోల్, మీరే వచ్చి చేసి చూపించండి అన్నాడు. ఆమె స్టేజి ఎక్కి, భర్త వేషం వేసిన నటుణ్ణి పట్టుకుని, చీపురు తీసుకుని ఉతికి ఆరేసింది. (నవ్వులు, చప్పట్లు) స్పష్టంగా అంటే అదన్నమాట. ఆ తర్వాత క్షమించి తిండి తెమ్మంది.

ఆ రోజునుంచి ప్రేక్షకులే స్టేజి ఎక్కి కథ మార్చే పద్ధతి బోల్ నాటకంలోకి వచ్చింది. తర్వాత ఆయన రియో నగర కౌన్సిల్‌కి ఎన్నికై, పేటల్లో ఇలాంటి నాటకాలు వేయించి, అందులోంచి వచ్చిన ఆలోచనలతో 13 చట్టాలు చేయించాడు. పార్కింగ్ గొడవని నోటీసుబోర్డులో కాగితం అంటించి తీర్చలేం. ఐదు నిమిషాల నాటకంగా వేసి, ఎవరి వేషం వాళ్లు కాకుండా ఎదుటివాళ్ల వేషం వెయ్యమంటే ఏమవుతుందో ప్రయత్నించి చూడండి. మా దగ్గర చేశాం. గొడవ తీరలేదు, కానీ తిట్లు తగ్గాయి.

ఇంకొక్క ఉదాహరణ చెప్పి ఆపుతాను, టైము అయిపోతోంది. ఇటలీలో 1970లో ప్రాంతీయ ప్రభుత్వాలు ఏర్పడ్డాయి. కాగితం మీద అన్నిటికీ ఒకే నిర్మాణం. కొన్ని చక్కగా పనిచేశాయి, కొన్ని చతికిలబడ్డాయి. ఎందుకని రాబర్ట్ పట్నం అనే అమెరికా రాజకీయశాస్త్రవేత్త, ఆయన సహచరులు రెండు దశాబ్దాలు పరిశోధించి 1993లో పుస్తకం తెచ్చారు. బాగా నడిచిన చోట్ల బృందగాన సంఘాలు, ఫుట్‌బాల్ క్లబ్బుల్లాంటివి ఎక్కువగా ఉన్నాయి. పాటవల్లే పాలన బాగుపడిందా అన్న దానిమీద పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, వాదించుకోనీండి. నాకు అందులో నచ్చిన ముక్క వేరే. ఆ సంఘాల్లో చేరినవాళ్లెవరూ సమాజాన్ని బాగుచేద్దామని చేరలేదు. పాడుకుందామని చేరారు. 'రండి, సమైక్యత పెంచుకుందాం' అని పోస్టర్ వేస్తే ఎవరొస్తారు? నేనైతే రాను. 'మూడు దెబ్బలు కొట్టేవాళ్లు కావాలి' అంటే వస్తారు.

మొదలుపెడదామనుకునేవాళ్లు నన్ను తరచూ అడిగేది పోటీలు పెట్టమంటారా అని. దయచేసి వద్దు. పాటల పోటీ పెట్టి ముగ్గురికి బహుమతులిస్తే ముగ్గురు సంతోషిస్తారు, ముప్పై మంది తల్లిదండ్రులు జడ్జీలతో మాట్లాడటం మానేస్తారు. (నవ్వులు) వారానికోసారి, అదే రోజు, అదే వేళ, అదే చోటు. నలుగురే వచ్చినా సరే. పాడలేనివాళ్లకి తాళం, తాళం రానివాళ్లకి పేజీలు తిప్పే పని. ఇదేదీ ఇష్టం లేక తలుపేసుకుని కూర్చునేవాళ్లని వదిలెయ్యండి, పొరుగుతనం పేరుతో వెంటపడకండి. మా బిల్డింగ్‌లో ఒకాయన ఇప్పటికీ రాడు. కిటికీ మాత్రం తెరిచి పెడతాడు.

ఇక కర్ర ఆయన. నాటకం తర్వాత మేం ప్రాణస్నేహితులం అయిపోయామని మీరు అనుకుంటున్నారేమో. ఏం కాలేదు. నేను కుర్చీ జరిపితే ఆయనకి ఇప్పటికీ కోపమే. కాకపోతే కర్ర మానేశారు. ఫోన్ చేస్తారు. పేరు పెట్టి పిలిచి, "రెండో సీన్ మొదలైందాండీ పైన?" అంటారు. నిన్న రాత్రి కూడా చేశారు. ఇవాళ్టి ప్రసంగం నిలబడి ప్రాక్టీస్ చేద్దామని కుర్చీ పక్కకి లాగాను.

(నవ్వులు, చప్పట్లు)